ఆడని ఏడాది

నెల్లిమర్ల రైలు గేటు పడితే
పది నిమిషాలు ఎవరికీ ఏ పనీ ఉండదు.
ఆ పది నిమిషాల్లోనే మోక్షిత్ ఫోన్ చూపించాడు.
"తాతా, నీలాగే లెఫ్ట్ బ్యాకు. సెర్బియావోడు."

వుకాషిన్ లాలిచ్.
పేరు రెండుసార్లు చెప్పించుకున్నాను.
రెండుసార్లూ చెవిలో లాలిపాటలా తిరిగింది.
ఫొటోలోది మాత్రం జోకొట్టించుకునే మొహం కాదు,
విరిగి అతుక్కున్న ముక్కు,
ఎండకి కాదు, గాలికి కమిలిన చెంపలు.

కింద ఒక పట్టిక. ఏడాది, ఊరు, ఆటలు, గోల్స్.
నోవీ సాద్‌లో నలభై ఒకటి, రెండు.
మరిబోర్‌లో పదిహేడు, సున్నా.
హంగేరీలో మోక్షిత్‌కి నోరు తిరగని ఊరు, ఇరవై రెండు, ఒకటి.
గ్రీసులో ఏదో దీవి మీద తొమ్మిది.
మాల్టా. బల్గేరియా. మళ్లీ మాల్టా.
కొన్ని గడుల పక్కన చిన్న బాణం గుర్తు.
"అదేటి?"
"లోను తాతా. అప్పుగా ఇచ్చారన్నమాట."

మనిషిని అప్పిస్తారా అని నవ్వబోయి ఆగాను.
ఎనభై ఎనిమిదిలో జూట్ మిల్లు నన్ను
రాజాం వాళ్లకి అప్పిచ్చింది కదా,
వారం రోజుల టోర్నమెంటుకి, ఒక జత బూట్లతో సహా.
బూట్లు మర్నాడే వెనక్కి అడిగారు.
నన్ను అడగడానికి ఇంకో నాలుగు రోజులు పట్టింది.

నాకూ ఉంది పట్టిక, ఎవరూ గీయలేదు గాని.
స్పిన్నింగ్ షాపు జట్టు, ఏడేళ్లు.
లాకౌటు పడ్డాక ఎవడు పిలిస్తే వాడికి.
బొబ్బిలికి ఆడితే కోడి పలావు, బస్ చార్జీ.
సాలూరులో లారీ ఓనర్ల కప్పు, నూట యాభై, అదీ గెలిస్తేనే.
పాలకొండ తరఫున ఆమదాలవలస మీద,
పై ఏడు ఆమదాలవలస తరఫున పాలకొండ మీద.
గీత అవతల నుంచి ఒకడు అరిచాడు,
"ఒరే అసిరినాయుడా, ఇంతకీ నువ్వు ఏ ఊరోడివిరా?"
బంతి నా కాళ్ల దగ్గరుంది.
జవాబు చెప్పే తీరిక లేకపోయింది.

పట్టికలో చివరి నుంచి రెండో వరుస.
ఫిన్లాండు. ఆటలు సున్నా. గోల్స్ సున్నా.
మోక్షిత్ వేలితో పైకి తోసేశాడు.
"ఉండరా, ఆ సున్నా ఒకసారి చూడనీ."

ఆ ఏడాదంతా అతను ఏదో గదికి అద్దె కట్టుంటాడు.
చీకటితో లేచి మోకాలికి పట్టీ చుట్టుకునుంటాడు.
రొట్టెకీ పాలకీ అక్కడి మాటలు నేర్చుకునుంటాడు.
పదకొండు పేర్ల కాగితం గోడకి అంటించగానే
పైనుంచి కిందికి చదివి,
నమ్మకం చాలక కిందినుంచి పైకీ చదివుంటాడు.
బల్ల మీద కూచుని పక్కోడి సీసాకి మూత తీసిచ్చి,
గోల్ పడితే అందరికన్నా ముందే లేచి
చప్పట్లు కొట్టుంటాడు.
ఆలస్యంగా లేస్తే కనిపెట్టేస్తారు.

నాకెలా తెలుసంటే,
తొంభై ఆరులో శ్రీకాకుళం ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో
మూడు రోజులూ నేను బకెట్లో ఐసు మోశాను.
ఇంటికొచ్చి అప్పయ్యమ్మతో ఆడేనని చెప్పాను.
నిక్కరుకి మట్టే లేదు.
అయినా సబ్బు పెట్టి, బండకేసి బాది,
రెండుసార్లు పిండి ఆరేసింది.

గూడ్సు పోతోంది. యాభై ఎనిమిది పెట్టెలు.
ఆఖరి వరుసలో ఏముందని అడిగాను.
"వాళ్ల ఊరే తాతా. చిన్న క్లబ్బు, మూడో డివిజను.
ఎన్ని ఆటలో లేదు."
"ఆడలేదా, రాయలేదా?"
"రాయలేదు."

గేటు లేచింది. అందరూ ఒక్కసారే హారన్లు కొట్టారు.
నా ఎడమ కాలు, పాత అలవాటు,
నన్నడక్కుండానే పెడలు మీదికి పోయింది.